మేస్త్రి చేయి

మొదటి బస్సు వెళ్లిపోయింది. శాంతవ్వకు ఏడుపొక్కటే తక్కువ.

హైదరాబాదు నుంచి నరాల డాక్టరు కామారెడ్డికి నెలకోసారి వస్తాడు. మధ్యాహ్నం దాటితే ఉండడు. ఈ రోజు తప్పితే మళ్లీ నెల ఆగాలి. తీరా ఆమె రవికె హుక్కులు పెట్టుకుని బయటపడేసరికి బస్సు ఎల్లారెడ్డి దాటేసింది.

భర్త యాకూబు తాపీ మేస్త్రి. ఏడాదిగా తాపీ పట్టినా, చాయ గ్లాసు ఎత్తినా కుడిచేయి వణుకుతోంది. ఆయన అన్న ఏసయ్య కూడా ఇలాగే వణికి వణికి మంచం పట్టాడు. మూడేళ్లకు పోయాడు. పార్కిన్సన్ రోగమన్నారు. ఆ పేరు శాంతవ్వ మరిచిపోలేదు.

"నాకే గుబులు. నీకు ఇంత సోయి లేదు," అంది రెండో బస్సు ఎక్కాక.

"ఏంది? గట్టిగ చెప్పు."

ఇదొకటి. ఈ మధ్య ఏ మాటైనా ఆయనకు రెండుసార్లు చెప్పాలి. చేయితోపాటు చెవులు కూడా పోతున్నట్టున్నాయి.

ఆమె టిఫిను విప్పింది. యాకూబు ఒక ముద్ద తిని మొహం చిట్లించాడు.

"పప్పు మాడిందే. వాసన తెలుస్తలేదా?"

"నాకేం వాసన రాలే. వంకలు పెట్టకుండ తిను."

తను మాత్రం రెండు ముద్దలకే చేయి కడిగేసింది. ఐదు రోజులుగా కడుపు కదల్లేదు. రాయి మింగినట్టుంది. రోజూ సునాముఖి కషాయం తాగుతూనే ఉంది. అయినా మగడు ఇలా ఉంటే తన కడుపు సంగతి చూసుకునే తీరిక ఎక్కడిది?

కామారెడ్డిలో దిగగానే యాకూబు చకచకా ముందుకు సాగాడు. ఆమె ఎంత తొందరపడినా అడుగు ముందుకు పడదు.

"రోగమున్నోడివి, ఎందుకు ఉరుకుతవ్? మెల్లగ నడువు!" అని వెనక నుంచి అరిచింది. ఆయనకు వినపడనే లేదు.

డాక్టరు యాకూబు చేతులు ఒళ్లో పెట్టించి చూశాడు. గ్లాసు ఇచ్చి నీళ్లు తాగమన్నాడు. మోచేయి వంచాడు, చాచాడు. గదిలో అటూ ఇటూ నడిపించాడు. తర్వాత కూర్చుని చీటీ మీద ఏదో రాసుకున్నాడు.

శాంతవ్వకు ఓపిక నశించింది. "ఏదో ఒకటి చెప్పుండ్రి సారూ. ఏడాది సంది కంటికి కునుకు లేదు."

"మోషన్ సాఫీగ అయితదా?"

"చెయ్యి వణుకుతదంటే కడుపు గురించి అడుగుతరేంది? ఈయనకేం, లేవంగనే అయితది. నాకే ఎనిమిదేండ్ల సంది..." సిగ్గుపడి ఆగిపోయింది.

డాక్టరు మెల్లగా అన్నాడు. "పార్కిన్సన్ రోగం శానామందికి ముందుగాల పేగులల్ల పడతదమ్మా. పేగులు మందగిస్తయ్. చేతులు, కాళ్లు ఏండ్ల తర్వాత. కొందరికైతే వణుకే రాదు."

"అంటే ఈయనకు లేనట్టేనా?"

"లేదు. ఆయనది ఉత్త వణుకు. గోలీలతోని తగ్గుతది. భయం లేదు."

ఏడాదిగా మోసిన బెంగంతా ఒక్కసారిగా కోపమైంది. ఎన్ని నిద్రలేని రాత్రులు! ఎన్ని ప్రార్థనలు! అన్నీ ఈ ఒక్క ముక్క కోసమా?

"విన్నవా? నీకేం లేదంట! లెవ్వు, పోదాం," అంది. కుర్చీలోంచి మొదటిసారి లేవలేకపోయింది. రెండు చేతులూ ఊతం పెట్టి మళ్లీ లేవబోయింది.

కూర్చోమన్నట్టు సైగ చేసి, డాక్టరు ఆమె పేరడిగి, కొత్త చీటీ తీసుకుని దాని మీద రోగి పేరు రాశాడు: శాంతవ్వ.