ఇంకొక్క ప్రయాణం

“గీ పెద్ద కంపెనీ విమానంలనే టికెట్టు కావాలె, ఇంద్రసేనన్నా. ఇంకొక్కసారి ఎక్కితే పాయింట్లు నిండి గోల్డు కార్డొస్తది.”

ఆబిడ్స్‌లోని ట్రావెల్స్ ఆఫీసులో రవికిరణ్ నిలబడే మాట్లాడుతున్నాడు. రేపు పొద్దున రాయపూర్‌లో అక్క అహల్యకు గుండె ఆపరేషన్.

“అందుల రేపే ఉంది. ఢిల్లీ మీదికెల్లి పోవాలె. చేరేసరికి మధ్యాహ్నమైతది, రేటు డబుల్,” అన్నాడు ఇంద్రసేన. “చిన్న కంపెనీది గీ సాయంత్రమే ఉంది. సీదా రాయపూర్.”

“అందుల పాయింట్లు రావు గదా.”

“అందరు గట్లనే అనవట్టిరి. మంది లేక చిన్నది మూతపడితే, పెద్దోళ్లు చెప్పిందే రేటు. అప్పుడు ఏడుస్తవు.”

“మధ్యాహ్నమైతే ఏంది? అక్క మత్తులనే ఉంటది. నేనెప్పుడొచ్చిన్నో ఆమెకేం తెల్వది.”

ఆ కారణం దొరకగానే అతనికి కొంచెం తేలికనిపించింది.

మూల బెంచీ మీద చాయ్ తాగుతున్న పెద్దాయన తలెత్తాడు. అరిగిన చెప్పులు. చొక్కా జేబులో రైలు టికెట్టు.

“ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్లేముందు తలుపు వైపు చూస్తారు బాబూ, మనవాళ్లెవరైనా వచ్చారేమోనని.”

“మీకెందుకు సార్?”

“దగ్గరికొచ్చిన కార్డు వదలబుద్ధి కాదు. ఆ చివరి ప్రయాణానికి ఎంత అడిగినా ఇస్తాం. తప్పు మీది కాదు, మనసు అలా చిక్కుకునేటట్టే చేసి పెట్టారు.”

రవికిరణ్‌కు ఒళ్లు మండింది.

“ఎప్పుడన్న విమానం మొకం చూసిన్రా మీరు?”

పెద్దాయన నవ్వాడు. గ్లాసు కింద పెట్టాడు.

“తలుపు వైపు చూస్తారు,” అని మాత్రం మళ్లీ అన్నాడు.

రవికిరణ్ గోడ మీది విమానం బొమ్మ నుంచి చూపు తిప్పుకున్నాడు.

“చిన్నదాంట్లనే వెయ్, అన్నా.”

మర్నాడు పొద్దున రాయపూర్ ఆసుపత్రిలో స్ట్రెచర్ మీద అహల్య మెడ తిప్పి తలుపు వైపే చూసింది.

“వచ్చినవ్ రా, తమ్మీ!”

బిగించిన పిడికిలి విప్పి అతని వేళ్లు పట్టుకుంది.

సాయంత్రం డాక్టర్ బయటికొచ్చి, ఇక భయం లేదన్నాడు.

వారం తర్వాత రవికిరణ్ మిఠాయి డబ్బాతో ఆబిడ్స్ వచ్చాడు. బెంచీ ఖాళీగా ఉంది.

“ఆ పెద్దసారు ఏడ ఉన్నరన్నా?”

“శ్రీరామమూర్తి సారా? ఆ రోజే నాంపల్లిల రైలెక్కి పోయిన్రు. ఈడ ఇల్లు ఖాళీ చేసిన్రు, ఇంక రారు.”

“విమానం మొకం చూసిన్రా అని అడిగిన, అన్నా. జర ఎక్కువ మాట్లాడిన.”

ఇంద్రసేన మిఠాయి నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

“ఆ పెద్ద విమానం కంపెనీలనే పెద్దాఫీసరుండె, నువ్వు ఇడిసిపెట్టిన గోల్డు కార్డు స్కీము తయారు చేసింది ఆ సారే.”