దేవుని మజ్జిగ

నాగలత భయమల్లా ఒక్కటే: తాను పనికి పోయినప్పుడు పాప చెడ్డవాళ్ల చేతుల్లో పడుతుందేమోనని. అందుకే పగలు పాపను వదిలిపోయేందుకు కల్లూరంతా వెతికి శివకుమారి ఇల్లు ఎంచుకుంది. ఉగాదికి కాలినడకన శ్రీశైలం పోయే భక్తుల కాళ్లు కడిగి మజ్జిగ పోసే మనిషికంటే మంచివాళ్లు ఎవరుంటారు?

మొదటిరోజు పాపను ఎత్తుకొచ్చేసరికి శివకుమారి పందిరి కింద ఒక ముసలి భక్తుడి పాదాలు కడుగుతోంది.

"పాపను ఉయ్యాల్లో ఏసి పోమ్మా, నేను చూసుకుంటాలే."

లోపలికి వెళ్లిన నాగలతకు, బయట గొళ్లెం పెట్టిన వెనకగదిలోంచి సన్నటి గొంతు వినబడింది.

"గుక్కెడు నీళ్లియ్యమ్మా..."

"అక్కా, ఎవరో నీళ్లడుగుతాండారు!"

"మా అత్త హులిగెమ్మ. తాగితే పక్క తడుపుతాది. స్వాములు కూచునే చోట కంపు కొడితే మనకు పాపం తగలదా? వాళ్లు పొయ్యేదాకా ఓర్చుకోనీ."

నాగలత మజ్జిగ చెంబు తీసుకొని గొళ్లెం తీసింది. ముసలామె ఎండిన పెదాలతో గటగటా తాగి, "నడిచొచ్చినోళ్లకు మజ్జిగ సాలిందా?" అని అడిగింది.

"ఏయ్, అది దేవుని పేరుతో పెట్టిన మజ్జిగ! ఎంగిలి చేసినావు గదమ్మా!" గుమ్మంలోంచి శివకుమారి అరిచింది.

నాగలత పాపను చంకనేసుకుంది.

"యాడికి? పనికి పోవా?"

"పోనక్కా. మా పాప గూడా పక్క తడుపుతాది."

వెనక గొళ్లెం పడిన చప్పుడు ఆమెకు వీధిదాకా వినబడింది. ఇక ఆ గడప ఆమెను తొక్కనివ్వరు.

ఆ దారిన శ్రీశైలం పోయేవాళ్లూ, మజ్జిగ తాగితే తాగండి. ఆ వెనకగది గొళ్లెం తీసి, హులిగెమ్మ నీళ్లు తాగిందో లేదో ఒకసారి చూసి పొండి.