కర్రల ఆటలో కుర్చీ

"మెట్లయితే ఎక్కించారు, సంతోషం. ఇప్పుడు ఆటలోకి ఎక్కించండి," అంది చక్రాల కుర్చీలో ఉన్నావిడ.

మోసుకొచ్చిన నలుగురూ ముఖాలు చూసుకున్నారు. కర్రల ఆట బృందం సాధన ఆపేసింది. మాస్టారు భుజం మీది తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు.

"చూడ్డానికొచ్చారనుకున్నానమ్మా."

"చూసీ చూసీ కళ్ళు కాయలు కాచాయి. ఆడాలి."

"ఇది గుండ్రంగా తిరిగే ఆట. నాలుగో దెబ్బకి గిర్రున తిరిగి పక్కవాళ్ళ కర్రకి కర్ర తగిలించాలి. మీ కుర్చీ తిరిగేలోపు ఆట ఊరు దాటిపోతుంది."

"గుమ్మం మీద 'ఆట అందరిదీ' అని రాశారుగా. తడిగుడ్డ ఇవ్వండి, తుడిచేసి పోతా."

బోర్డు రాయడం ఎవరికైనా తేలికే. అందరూ నిజంగా వచ్చేస్తేనే చిక్కు.

"మా గురువుగారు కట్టిన అడుగులమ్మా ఇవి. ఒక్కటీ మార్చను."

"ఒరేయ్, మోకాళ్ళు అరిగాక ఆ గురువుగారు స్టూలు మీద కూర్చునే ఆడాడు," అన్నాడు డోలు కొట్టే తాత. "ఆ స్టూలు మోసింది నువ్వేగా!"

అందరూ గొల్లుమన్నారు. మాస్టారు తాతని ఉరిమి చూశాడు.

కుర్చీలో ఆవిడ మాత్రం నవ్వలేదు. గొంతు తగ్గించి చెప్పింది.

"మా అమ్మాయి బయట ఆటోలో కూర్చుని ఉంది. ఇప్పటికే రెండు చోట్ల 'పక్కన కూర్చుని చప్పట్లు కొట్టండి' అన్నారు. వారం రోజులు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. ఇక్కడా అదే మాటయితే ఇప్పుడే చెప్పెయ్యండి. మూడోసారి మా వల్ల కాదు."



"మాస్టారూ, అసలు ఆవిడ తిరగడమెందుకు?" అంటూ బృందంలోని దర్జీ వదిన ముందుకొచ్చింది. "అటూ ఇటూ ఉన్నవాళ్ళమే తిరిగి కర్ర అందిద్దాం. చొక్కా పట్టకపోతే కుట్టు విప్పుతాం గానీ, మనిషిని కోస్తామా?"

"సరే, ఒక్కసారి చూద్దాం," అన్నాడు మాస్టారు.

ఆవిడ చేతికి రెండు కర్రలిచ్చారు. డోలు మోగింది. మొదటి చుట్టులో కుర్చీ పోయి గోడకి గుద్దుకుంది.

"కుర్చీ కొత్తా అమ్మా?" అన్నాడు మాస్టారు.

"నాకు కొత్తే. చేతనైనవాళ్ళు తిప్పితే బొంగరమే."

రెండో చుట్టులో మాస్టారి కాలి మీదికే ఎక్కింది. ఆయన ఒంటికాలి మీద గెంతుతుంటే తాత దానికీ తాళం వేశాడు. మూడో చుట్టులో, సరిగ్గా నాలుగో దెబ్బకి, అటు కర్రా ఇటు కర్రా ఆవిడ కర్రలకు టక్కున తగిలాయి. వలయం తెగలేదు. దర్జీ వదిన ఈల వేసింది.

"ఇంత చిన్న మార్పుకా ఇంతసేపు మొండికేశాను!" అని మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. "రేపట్నుంచి వచ్చెయ్యండి. మెట్ల మీద కుర్చీ ఎక్కేలా చెక్కల వాలు నేనే వేయిస్తా."

"మళ్ళీ మనసు మారదుగా?"

"ఇంతమంది ముందు చెప్తున్నా. ఈ కుర్చీకి మా వలయంలో చోటుంది. ఇక ఎవరడ్డమొచ్చినా నేను ఊరుకోను."

"అయితే రేపటిదాకా ఎందుకు?" అంటూ ఆవిడ కర్రలు దర్జీ వదిన చేతిలో పెట్టింది.

తర్వాత కుర్చీలోంచి లేచి, దాన్ని కూతురి కోసం బయటికి తోసుకెళ్ళింది.