ఎనభైకి తగ్గకూడదు

"చెంచా కింద పెట్టక్కా!"

గాజు తొట్టి మీదికి వంగిన అక్క చెయ్యి అక్కడే ఆగిపోయింది. వెనక గదిలో స్కూలు యూనిఫారాలు కుడుతున్న చెల్లెలు, మెడలో కొలతల టేపు వేలాడుతుండగానే పరుగెత్తుకొచ్చింది.

"కాస్త కదిపి చూద్దామనే. అసలు బతికుందో లేదో తెలియాలిగా?"

"సన్యాసి పీత కుబుసం విడిచేటప్పుడు ఒళ్ళంతా మెత్తగా ఉంటుందట. కదిలిస్తే చచ్చిపోతుంది."

"ఈ మాట విని విని నా చెవులు చిల్లులు పడ్డాయే."

అక్క ఆసుపత్రిలో నర్సు. ఎంత మొండి రోగి చేతనైనా మందు మింగించే మనిషి. చెల్లెల్ని వెంటబెట్టుకుని గానీ వెళ్ళకూడదని ఇవాళ వీధిలో వ్యాను కూడా ఆపి వచ్చింది.

చెల్లెలూ, ఆమె భర్తా విడిపోదామనుకున్నారు. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. మాట్లాడుకోవడం మానేశారు, అంతే. ఏసీ మెకానిక్ అయిన అతను అందరి గదులూ చల్లబరిచి వచ్చి, ఇంట్లో గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆమె మిషను చప్పుడుతోనే కాలం గడిపేది. చివరికి అక్కని మధ్యలో కూర్చోబెట్టి తేల్చుకున్నారు. పెళ్ళైన కొత్తలో అతను ముచ్చటపడి తెచ్చిచ్చిన, శంఖంలో కాపురముండే ఆ పీతని ఆమె తీసుకెళ్ళాలి. కానీ కుబుసం విడవడానికి అది అప్పటికే ఇసుకలోకి దూరిపోయింది. అది పైకి వచ్చిన రోజే ఆమె ప్రయాణం.

ఆ మాట అనుకున్నప్పుడు కిటికీ అవతల వాన పడుతోంది. ఇప్పుడు ఎండలు మండిపోతున్నాయి. పీత జాడ లేదు.

"పేరుకి సన్యాసి. మీ సంసారం తెగనివ్వకుండా మొండికేసి కూర్చుంది," అంది అక్క.

చెల్లెలు నవ్వలేదు. తొట్టి లోపల అంటించిన తేమ మీటరు చూసి గతుక్కుమంది. "డెబ్బై నాలుగు! అక్కా, ఎనభైకి తగ్గకూడదు. పొడిగాలి తగిలితే దానికి ఊపిరాడదు."

స్ప్రే సీసా అందుకుని నాచు మీద నీళ్ళు చిమ్మింది. అదే సీసా పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళింది. ఇస్త్రీ చేసుకోవడానికి కాబోలనుకుంది అక్క.

అంతలో అతను పనిముట్ల సంచీతో లోపలికి వచ్చాడు. వదినగారిని పలకరించి, చెప్పులైనా విప్పకుండా తొట్టి దగ్గరికి నడిచాడు.

"వదినా, మూత పక్కన సందుందని మీ చెల్లెలికి చెప్పండి. తేమంతా అక్కణ్ణించే పోతోంది."

"అక్కా, ఆ సందు సంగతి ఆయనకి మొన్ననే చెప్పించాను కదా?" అంది చెల్లెలు గుమ్మంలోంచి.

"నేనేమన్నా మీ టెలిఫోనునా? మీరు మీరు మాట్లాడుకోండి!"

అతను సంచీలోంచి అంటించే టేపు చుట్ట తీశాడు. గాజు మూత ఒక్కడివల్ల కాలేదు. కాసేపు చూసి, చెల్లెలు వచ్చి రెండో అంచు పట్టుకుంది.

"కొంచెం ఎత్తు."

"ఇలాగా?"

"ఇంకాస్త. చాలు. వేలు జాగ్రత్త."

ఇద్దరూ మీటరు మీదికి వంగి నిలబడ్డారు. ముల్లు బద్ధకంగా కదిలింది. డెబ్బై ఆరు. డెబ్బై తొమ్మిది. ఎనభై దాటగానే ఇద్దరి నోటా ఒకేసారి నిట్టూర్పు వచ్చింది.

అక్కకి ఓపిక నశించింది. మళ్ళీ చెంచా తీసుకుంది. "నా చేతులమీద ఎందరు పసిపిల్లలు పుట్టారో! ఈ పీతని పదిలంగా తియ్యలేనా? ఇవాళ తేలిపోవాలి."

చెల్లెలి మొహం పాలిపోయింది. తొట్టికి అడ్డంగా వచ్చినవాడు మాత్రం అతను.

"వద్దు వదినా. ఒప్పుకోను."

"నీకేం పోయింది? ఆ పీత మా చెల్లెలిది కదా?"

"తనదే. కానీ ఈ ఇసుక మీద ఎవరి చెయ్యీ పడటానికి వీల్లేదు. అది పైకొచ్చినప్పుడే వస్తుంది."

అతను గొంతు పెంచడం అక్క ఏనాడూ వినలేదు. చెంచా బల్లమీద పడేసి, చెప్పులేసుకుంది.

"పైకొచ్చిన క్షణం నాకు ఫోను చెయ్యి. ఏ పనిలో ఉన్నా వస్తాను."

"అలాగేలే అక్కా," అంది చెల్లెలు తలొంచుకుని.

ఖాళీ వ్యాను చప్పుడు వీధి మలుపు తిరిగింది. తర్వాత ఆమె తొట్టిలోంచి ఎండి బిరుసెక్కిన స్పాంజి తీసింది.

"ఇది తేమ పట్టడం లేదు. కొత్తది కావాలి," అంది. ఈసారి మధ్యలో అక్క లేకుండా, నేరుగా అతనితో.

అతను వెంటనే బయల్దేరాడు. చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. విప్పితే రెండు స్పాంజిలు.

"ఒకటి చాలుగా?"

అతను ఒకటి తీసుకుని నీళ్ళలో ముంచాడు. నిదానంగా పిండి, తొట్టిలో ఓ మూల సర్దాడు. మూత వేసి, ఆమె వైపు తిరిగాడు.

"రెండోది నీ మిషను వెనక దాచిన పీతకి."