లే లే, ఏం కాలేదు

కారు ఒకటి అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. బస్సులో నిలబడ్డ ఒకాయన పట్టు తప్పి బోర్లా పడ్డాడు.

"లే లే, ఏం కాలేదు!" అన్నారెవరో వెనక సీట్లోంచి.

బస్సంతా ఘొల్లున నవ్వింది. పడ్డాయన కూడా నవ్వుతూనే లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

డ్రైవరు మాత్రం నవ్వలేదు. గేరు మీద చెయ్యి వేశాడు కానీ బండి కదల్లేదు. వెనక హారన్లు మొదలయ్యాక కండక్టరు వచ్చి భుజం తట్టాడు.

"పోనివ్వన్నా. వాళ్ళకేం తెలుసు."

ఆ మాట ఇప్పుడు ఊరంతా ఉంది. చొక్కాల మీద, టీ కప్పుల మీద, పసిపిల్లల టోపీల మీద. కింద ఫుట్‌బాల్ జట్టు గుర్తు. ఆ మాటను జట్టు తన పేరున రిజిస్టరు చేయించుకుంటోంది. ఇకమీదట అచ్చేసి అమ్ముకునే హక్కు జట్టుకే ఉంటుంది.

ఆ జట్టు గోల్‌కీపరు డ్రైవరు కొడుకే. ఆఖరి మ్యాచ్‌లో బంతి కోసం ఎగిరి, గోల్ స్తంభానికి తల కొట్టుకుని పడిపోయాడు. స్టేడియం ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలో గోలు వెనక నుంచి ఎవరో అరిచారు, లే లే ఏం కాలేదని. వేలమంది అందుకున్నారు. కుర్రాడు లేచాడు. తర్వాతి బంతి ఆపాడు. జట్టు గెలిచింది. అందరూ భుజాల మీద మోసి తెచ్చి గదిలో దింపాక, బూట్ల తాళ్ళు విప్పుకుంటూ పక్కకు ఒరిగాడు. మళ్ళీ లేవలేదు.

ఆ సాయంత్రం డ్రైవరు డ్యూటీలో ఉన్నాడు. భార్య ఎప్పటిలాగే మ్యాచ్‌కు వెళ్ళింది. కళ్ళముందే కొడుకు పడిపోవడం చూసిన తల్లి. ఆ రోజు నుంచి ఆమె నోట మాట లేదు. డాక్టరు గొంతు చూసి లోపమేమీ లేదన్నాడు. కాలమే మందన్నాడు.

ఇంట్లో మాట్లాడేది ఇక డ్రైవరు ఒక్కడే. అదీ ఒకటే మాట.

"కదలకుండా పడుకుని ఉంటే బతికేవాడే. ఆసుపత్రివాళ్ళే అన్నారు. కుర్చీలో కూర్చుని ఆట చూసే వెధవ ఎవడో అరిచాడు చూడు, వాడి నోరు పడిపోను."

అన్నం ముందు కూర్చున్నా అదే తిట్టు. భార్య చేతిలో గరిటె కాసేపు ఆగేది. తర్వాత వడ్డించేది. టీవీలో జట్టు ప్రకటన వస్తే మాత్రం ఆయనకంటే ముందు ఆమే లేచి కట్టేసేది.

రిజిస్ట్రేషన్‌కు అభ్యంతరం పెడతానని ఆయన చెప్పిన రోజున, వద్దని తల ఊపింది. బయల్దేరబోతుంటే చొక్కా పట్టి లాగింది. ఆయనకు ఒళ్ళు మండింది.

"నువ్వు కన్నతల్లివేనా? వాడి చావును గుడ్డల మీద అచ్చేసి అమ్ముతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

ఆమె చొక్కా వదిలేసింది. విచారణ రోజున మాత్రం తనే చెప్పులేసుకుని వెంట వచ్చింది.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో అదొక చిన్న గది. గోడకు టీవీ, బల్ల మీద మంచినీళ్ళ జగ్గు. జట్టు లాయరు ఇంకా కుర్రవాడే. ఆమెను చూడగానే లేచి తన కుర్చీ ఇచ్చాడు. అధికారి పెద్దావిడ. కాగితాలన్నీ ఓపిగ్గా చదివి కళ్ళజోడు తీసింది.

"పడ్డ పిల్లలతో ఏ ఇంట్లోనైనా అనే మాటే ఇది. కానీ చొక్కాల మీద ముందు వేసింది వీళ్ళు. మీ కడుపుకోత నాకు తెలుస్తోంది. అయినా ఈ మాట మీదీ కాదు, మీ అబ్బాయిదీ కాదు కదండీ."

"మరి వాళ్ళదా?"

ఆవిడ మళ్ళీ కాగితాలు తిరగేసింది. ఆ రోజు మొదట అరిచిన మనిషి వచ్చి, అమ్మకానికి ఒప్పుకోనంటే ఆపడానికి దారి ఉందని చెప్పింది.

డ్రైవరుకు నవ్వొచ్చింది. చేదు నవ్వు. ఇన్నాళ్ళూ తిట్టిన వాణ్ణే ఇప్పుడు వెతుక్కోవాలి.

"వాడి కాళ్ళయినా పట్టుకుంటాను మేడం. ఎవడో తేల్చండి చాలు."

ప్రకటనల్లో జనం హోరు మాత్రమే వాడామని, గోలు వెనక మైకులో పడిన అసలు రికార్డింగు తమ దగ్గరుందని లాయరు చెప్పాడు. ఆ గొంతు మాదేనని చాలామంది వచ్చారట. ఎవరిదీ కలవలేదట. అధికారి దాన్ని టీవీలో వేయమంది.

డ్రైవరు ఆ దృశ్యాన్ని ఎన్నడూ చూడలేదు. బిడ్డ పడిపోవడం ఇప్పుడూ చూడలేక కళ్ళు మూసుకున్నాడు.

గాలి హోరు. స్తంభానికి తగిలిన చప్పుడు. నిశ్శబ్దం. ఆ తర్వాత ఒకే ఒక్క అరుపు.

అధికారి అక్కడ ఆపించింది. ఇంకోసారి వేయమంటారా అని అడిగింది. ఆయన చెయ్యెత్తి వద్దన్నాడు. కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టింది. పక్కన భార్య చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నేల చూస్తోంది.

"గుర్తుపట్టారా?"

"లేదు మేడం."

"మీ ఆవిడ ఆ రోజు అక్కడే ఉన్నారటగా. ఆవిడకేమైనా..."

"తనకీ తెలీదు," అన్నాడు గబగబా. "అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను. అమ్ముకోనివ్వండి."

అధికారి వింతగా చూసింది. ఆయన సంతకం పెట్టాడు. లాయరు పాపం మంచివాడు. ఇద్దరికీ చెరో కొత్త చొక్కా సంచిలో పెట్టి ఇచ్చాడు. డ్రైవరు కాదనకుండా అందుకున్నాడు.

బయట మెట్ల మీద ఆమె కాలు తడబడి కూలబడింది. ఆయన సంచి కింద పడేసి రెండు చేతులూ పట్టుకున్నాడు. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. లేపకుండా తనూ పక్కనే ఆ మెట్టు మీద కూర్చున్నాడు.

ఆ రికార్డింగులో ఆయన విన్నది, మ్యాచ్ రోజు నుంచి తన ఇంట్లో వినపడకుండా పోయిన గొంతునే.