గంధకం సీసా

మందుల బీరువా తాళం తీయించాలి. గంధకం సీసా దించి ఎంత తగ్గిందో చూడాలి. తగ్గింది ఎవరికి పోయిందో అడగాలి. కొండెక్కే బుట్టలన్నీ విప్పించాలి. నెలాఖరులోగా దొంగను పట్టుకోవాలి. లేకపోతే బెల్టు విప్పి ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెట్టాలి.

హెడ్డు కానిస్టేబులు వరహాలరావు ఇన్‌స్పెక్టరు పంపిన ఆ హుకుం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ముక్కుపొడుం డబ్బీ తీసి గట్టిగా ఒక పట్టు పీల్చాడు. ఆఖరి పని తన నెత్తిన పడకూడదు.

అవి ఫితూరి రోజులు. గూడెం కొండల్లో తిరుగుబాటు మొదలై ఏడాది దాటింది. తుపాకీమందుకు కావలసిన బొగ్గూ సురేకారమూ కొండవాళ్లు ఎలాగో సంపాదిస్తున్నారు. గంధకం మాత్రం దిగువ నుంచి ఎక్కాలి. సంతల్లో దాని అమ్మకం ఆపేశాక, ఈ చుట్టుపక్కల గంధకం మిగిలింది అరకు దారిలోని ఈ మిషను ఆసుపత్రిలోనే.

సీసా సగానికి దిగి ఉంది.

"నిండు సీసా వచ్చి మూడు నెల్లు కానేదు. సగం ఏటయిపోనాదే గుంటా?"

మందులిచ్చే దేవమణి తలెత్తింది. ఇరవయ్యేళ్లుండవు. తల్లి కొండ దిగివచ్చి మిషనులో కలిసిన మనిషి. ఆసుపత్రి నడిపే దొరసాని వాల్తేరు వెళుతూ తాళంచెవి ఈ పిల్లకే అప్పగించింది. ఆమె బుగ్గల నిండా పచ్చటి పూత, దాని కింద మొటిమలు. తెల్లచీర కొంగు అంచున కూడా ఉతికినా వదలని పచ్చటి మరక.

"గజ్జి మందుకి కొంత పోయిందండి. తక్కినది నా ముఖానికి. రోజూ రెండు పూతలు."

వరహాలరావు ముందుకు వంగి ఆమె చెంప దగ్గర గాలి పీల్చాడు. పొడుం ఘాటు తప్ప మరేమీ తెలియలేదు.

"మొటిమలకి గంధకమేటి? ఒంట్లో ఏడి సేత్తే వత్తాయవి. మా యమ్మయితే పసుపు రాయమంటాది."

"మీరు రాసుకుంటారు బాబూ. మా మిషనోళ్లం పసుపు ముట్టకూడదు. ముట్టితే ఆ పూటే దొరసాని మూట కట్టించి పంపేత్తాది." ఆమె సీసా మూత బిగించింది. "అయినా వేడీ కాదు, పాడూ కాదు. చర్మం కింద నూనె ఊరే తిత్తులుంటాయి. వాటి నోళ్లు పూడుకుపోతే లోపల చీము పడతాది. గంధకం పైపొరని ఎండగట్టి పొట్టులా రాల్చేత్తాది. అప్పుడు నోళ్లు తెరుచుకుంటాయి." ఆమె చూపు అతని బుగ్గల మీద ఆగింది. "మీరు గిల్లుతున్నారు కదా?"

అతని చెయ్యి దానంతటదే పైకి వెళ్లింది. ఇరవై ఆరేళ్లకే హెడ్డు అయ్యాడు గాని మొటిమలు వదల్లేదు. సంతలో పిల్లకాయలు అతని వెనక "పనసకాయ జవానూ!" అని అరిచి పారిపోతుంటారు.

"నోర్ముయ్. నా మొకం సంగతి నీకెందుకు?"

అప్పుడే సుక్రు వరండాలో బుట్ట దించాడు. వారం వారం సంతకు దిగుతూ ఆసుపత్రి దగ్గర ఆగే కొండమనిషి. వరహాలరావు బుట్టను కాలితో బోర్లించాడు. పసుపు కొమ్ములు దొర్లాయి.

"కొండెక్కినప్పుడు ఏటి పట్టుకెళ్తావురా?"

"ఉప్పు బాబూ."

"ఉప్పు కింద?"

"ఆకు బాబూ."

"ఆకు కింద?"

"బుట్ట బాబూ."

దేవమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వరహాలరావు ముఖం కందగడ్డ అయింది.

"నవ్వుతున్నావా? ఇద్దరికీ కలిపి ఒకే సంకెలేత్తాను."

"వెయ్యండి. కానీ ముందు మీరే రాసుకుని చూడండి," అంది దేవమణి. "మూడు వారాలు. తగ్గకపోతే నా మాట అబద్ధమే."

అతని కళ్లెదుటే సీసాలోంచి గంధకం తీసి, మైనంలో కలిపి, మెత్తగా నూరి డబ్బాకెత్తింది. రెండు పూటలా గోరువెచ్చని నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కోమంది. తలకు నూనె తగ్గించమంది. గిల్లితే తన పూచీ లేదంది.

మొదటి వారం బుగ్గలు మండి, పొట్టు లేచింది. విషం పెట్టిందేమోనని వరహాలరావుకు నిద్ర పట్టలేదు. రెండో వారం కొత్త మొటిమ రాలేదు. అయినా అతను రోజూ వచ్చి వరండాలో కూర్చునేవాడు. సుక్రు వచ్చిన ప్రతిసారీ బుట్ట విప్పించేవాడు. దిగేటప్పుడు పసుపు, ఎక్కేటప్పుడు ఉప్పు. మూడో వారం అతను సంత నడిమధ్య నుంచి నడిచి వెళితే ఒక్క పిల్లవాడూ అరవలేదు.

ఆ సాయంత్రం అద్దం జేబులో పెట్టుకుని వచ్చాడు. దేవమణి ముఖం వైపు చాలాసేపు చూశాడు.

"ఒకటే మందు కదా, నీవి నావంత బేగి తగ్గనేదేటి?"

దేవమణి చేతిలోని నూరుడు రాయి ఒక్క క్షణం ఆగింది. "మీవి లేతవి బాబూ. నావి మొండివి."

వరహాలరావు తృప్తిగా తలూపాడు. గంధకం గజ్జికీ మొటిమలకీ ఖర్చయిందనీ, ఆ సంగతి స్వయంగా పరీక్షించి తెలుసుకున్నాననీ ఇన్‌స్పెక్టరుకు రాశాడు. మొండి మొటిమలకు చాలదని, ఇంకో రెండు సీసాలు తెప్పించే చీటీ మీద సంతకం కూడా తనే పెట్టాడు. బెల్టు నడుముకే ఉంది. సుక్రు బుట్ట విప్పించడం మానేశాడు.

కార్తీకంలో కొండ మీద తుపాకులు మళ్లీ పేలాయి. సుక్రు ఆ తర్వాత సంతకు దిగలేదు. మందు ఎక్కడిదని ఇన్‌స్పెక్టరు ఊరూరా ఆరా తీశాడు గాని, మిషను ఆసుపత్రి గడప తొక్కలేదు. అక్కడి సంగతి వరహాలరావు ముందే తేల్చేశాడు కదా. వాల్తేరు నుంచి తిరిగివచ్చిన దొరసాని మాత్రం దేవమణి కొంగు చేతిలోకి తీసుకుని చూసి, ఆ పూటే మూట కట్టించి పంపేసింది. ఆ పిల్ల చేసిన తప్పేమిటో వరహాలరావుకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ఫితూరి కథలు చెప్పుకునేటప్పుడు, ముఖానికి పసుపు రాసుకున్న ఆ మిషను పిల్లను గుర్తుంచుకోండి.