రెండో ఏడాది సున్నా

ఆ మధ్యాహ్నం కూతురికి ఇవ్వడానికి జ్ఞానప్రకాశం చేతిలో ఉన్నవి రెండే: సగం దించిన షట్టరు, నోరు మూసుకుని కూచునే ఓపిక. మట్టెవాడ బజారులో బేరాల వేళ అతను షట్టరు దించడం ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి. తాళ్లు, వలలు, గాలాలు అమ్మే ఆ దుకాణంలో సిగ్నల్ నిలకడగా ఉండేది గల్లాపెట్టె దగ్గరే. జెస్సికా అక్కడ కూర్చుని, లాప్‌టాప్‌లో స్కాట్లాండ్ వాళ్ల ప్రశ్నలకు జవాబులు చెబుతోంది.

సముద్రపక్షులను కాపాడే సంస్థ అది. ఆరు నెలల ఇంటర్న్‌షిప్. అక్కడివాళ్లకు పది సీట్లు, మిగతా దేశాలన్నిటికీ కలిపి ఒక్కటి. బయటివాళ్లయితే సొంతంగా రెండేళ్లు చేసిన పని చూపించాలి. ఎమ్మెస్సీ అయ్యాక జెస్సికా ఇలాంటివాటికి పద్నాలుగు దరఖాస్తులు పెట్టింది. మాట్లాడదాం రమ్మన్నది వీళ్లొక్కరే. వచ్చే ఏడాదికి ఆమె వయసు వాళ్ల హద్దు దాటిపోతుంది.

ఆమె చూపించిన పని హసన్‌పర్తి చెరువులో తంగూసు వలలకు చిక్కి చచ్చే పక్షుల లెక్క. నీళ్లలో కనిపించనంత సన్నటి నైలాన్ దారం అది. చేప కోసం మునిగిన పక్షి మళ్లీ తేలదు. మొదటి ఏడాది అరవై ఒకటి. నీటికాకులు, బుడుబుంగలు. తెల్లారగానే స్కూటీ మీద వెళ్లి, ఒక్కోదాన్నీ వలలోంచి విప్పి, రాసుకుని వచ్చేది. వచ్చాక పళ్లెం ముందు కూచుని చేతులు వాసన చూసుకునేది. తినేది కాదు.

దరఖాస్తులో, ఈ వలలు ఎక్కడివి అన్న ప్రశ్నకు ఏం రాశావని తండ్రి ఒకసారి అడిగాడు. “బజార్ల దొరుకుతయని రాసిన,” అంది తల ఎత్తకుండా.

రెండో ఏడాది నలభై ఉదయాలు వెళ్లింది. ఒక్క పక్షీ చావలేదు.

జ్ఞానప్రకాశానికి ఇంగ్లీషు సరిగా రాదు. ఆ గంటలో అతని చెవికి పట్టుబడ్డ మాట ‘జీరో’ ఒక్కటే. మూడుసార్లు వినిపించింది.

లాప్‌టాప్ మూశాక అడిగాడు. “ఏమన్నరు బిడ్డా?”

“రెండో ఏడాది సున్నా ఎట్లొచ్చిందన్నరు.”

“నువ్వేమన్నవు?”

“ఎరుక లేదన్న.”

అతను లేచి షట్టరు ఎత్తాడు.

బుధవారం మెయిల్ వచ్చింది. తెలుగులో చెప్పించుకున్నాడు. అరవై ఒకటి ఉన్నచోట ఏ కారణమూ లేకుండా సున్నా అయిందంటే నమ్మలేమని, అసలు చెరువుకు వెళ్లిందో లేదో ఇంతదూరం నుంచి తేల్చుకోలేమని రాశారు. శుక్రవారంలోగా కారణం, సాక్ష్యం పంపితే సీటు ఆమెదే. లేకపోతే తర్వాతివాళ్లకు.

అది విన్నాక జ్ఞానప్రకాశం గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచాడు. గోదాము తాళంచెవి తీసి, కూతుర్ని వెంట రమ్మన్నాడు.

గోదాము వెనక గదిలో పైకప్పు దాకా తంగూసు వలలు. వాటిమీద దుమ్ము. అప్పుడు చెప్పాడు. ఆమె తినకుండా లేచిపోయిన రోజులు లెక్కపెట్టుకుని, మొదటి ఏడాది ఆఖర్న తను చెరువు దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఎవరి దగ్గర ఎన్ని కిలోల వల ఉందో అతనికి అడగకుండానే తెలుసు. చేపలవాళ్ల పెద్ద కట్టయ్యను పట్టుకుని, ఒక్కో తంగూసు వలకూ పక్షికి కనిపించే ముతక దారం వల ఒక్కోటి బదులిచ్చి అన్నీ వెనక్కి తెచ్చేశాడు. చేప తగ్గుతుందని కట్టయ్య గొణిగాడు. పిల్లకు చెప్పొద్దని కట్టయ్య దగ్గర తను మాట తీసుకున్నాడు. కానుక ఇచ్చేవాడు వెల చెప్పకూడదనుకున్నాడు. నడుమ ఒకసారి జెస్సికా రబ్బరు బూట్లు పెట్టడానికి గోదాము తాళంచెవి తీసుకెళ్తే భయపడ్డాడు కూడా. తిరిగిచ్చేటప్పుడు ఆమె ఏమీ అనలేదు కాబట్టి వెనక గదిలోకి పోలేదనుకున్నాడు.

“నేనే చెడగొట్టిన బిడ్డా. పిట్టలు బతికితే నీ లెక్కకు మేలనుకున్న.” వలల మీది దుమ్ము చేత్తో దులిపాడు. “ఇంక రెండు రోజులున్నయి. ఈ వలల ఫోటో తియ్యి. మా నాయిన తిరిగి కొన్నడని రాయి. కట్టయ్య సంతకం నేను తెస్త.”

జెస్సికా మోకాళ్ల మీద కూచుని ఒక వలను వేళ్లతో తడిమింది. అందులో ఒక నల్లటి ఈక ఇంకా చిక్కుకుని ఉంది. దారం తెగకుండా దాన్ని మెల్లగా విప్పి అరచేతిలో పెట్టుకుంది.

“నాకెరికే నాన్నా. బూట్లు పెట్టిననాడే చూసిన.”

జ్ఞానప్రకాశానికి లెక్క అందలేదు. చెరువులో పక్షులు మిగిలాయి, గోదాములో సరుకు మిగిలింది, బిడ్డ సీటు మాత్రం పోతోంది. ఒక్క మాట చెప్పి ఉంటే మూడూ మిగిలేవి.

“ఎరికుంటే మరి వాళ్లకు చెప్పకపోతివేందే?”

ఆమె లేచి, వలల మీద టార్పాలిన్ పట్టా కప్పింది.

“తిరిగి కొన్నది ఎవరో రాస్తే, మొదలు అమ్మింది ఎవరని గూడ అడుగుతరు నాన్నా.”